మూర్తిగారి నిద్ర, చేపల రంగు

రాత్రి తొమ్మిదిన్నర కాగానే వేంకటరమణమూర్తి నిద్రపోకపోవడం మొదలుపెడతాడు.

అదేమంత తేలిక పని కాదు. దానికి సరంజామా కావాలి. హాల్లో దివాన్ మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరవాలి. తలకింద రెండు, మోకాళ్ళ మధ్య ఒకటి, వెరసి మూడు తలగడలుండాలి. కూలరు గాలి మొహానికి కొట్టకుండా పాదాలకి తగలాలి. చెయ్యి చాపితే అందేటట్టు చెంబుతో నీళ్ళుండాలి. భార్య కనకవల్లి ఇవన్నీ అమర్చి, ఆయన అరికాళ్ళకి ఆముదం రాసి, లైటు తీసేసి, మంచానికి నాలుగడుగుల దూరంలో చాప పరుచుకుని నడుం వాలుస్తుంది. అప్పుడు మూర్తి వీధి గుమ్మం దాకా వినపడేలా ఒక నిట్టూర్పు విడిచి, "ఇంక ఈ రాత్రీ మనకి శివరాత్రే" అంటాడు.

తరవాత ఏం జరుగుతుందో ఆయనకి తెలీదు. తెల్లారి అయిదున్నరకి కళ్ళు తెరిచి, "రాత్రంతా కునుకు పడితే ఒట్టు" అంటాడు. మధ్యలో నిద్రపోయినట్టు తనకేమీ గుర్తు లేదు కనక మేలుకునే ఉన్నానని ఆయన నమ్మకం. సర్కారు ఆఫీసులో ఇరవయ్యారేళ్ళు నలిగిన సీనియర్ అసిస్టెంటుకి ఆధారం లేకపోవడాన్నే ఆధారంగా చూపించడం ఒకరు నేర్పాలా.

పూర్తిగా అబద్ధమనడానికీ లేదు. పెళ్ళయిన కొత్తలో డిపార్టుమెంటు పరీక్షకి చదువుతూ ఓ పదిహేను రోజులు నిజంగానే నిద్ర పట్టలేదు. పరీక్ష పోయింది, నిద్ర వచ్చేసింది, పేరు మాత్రం ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళుగా చోడవరంలో ఎరిగినవాళ్ళంతా "పాపం, మూర్తిగారికి నిద్ర పట్టదు" అని, ఇంకెవరి గురించో "ఆయన కాశీ వెళ్ళొచ్చేరు" అన్నంత గౌరవంగా చెప్పుకునేవాళ్ళు. ఆ ఒక్క మాట మీద మూర్తికి జరుగుబాటు బాగానే ఉండేది. ఇంటికి ఒక్కటే కూలరు, అది ఆయనదే. చుట్టాల పెళ్ళి రాత్రి ముహూర్తమయితే వెళ్ళక్కర్లేదు. ఆఫీసులో ఫైలు ఆలస్యమయితే ఆఫీసరే, "పోన్లెండి, అసలే నిద్రలేని మనిషి" అని ఊరుకునేవాడు. ఏ విద్యా లేనివాడికి ఒక జబ్బన్నా ఉండాలి, లేకపోతే నలుగురూ ఏం చెప్పి పలకరిస్తారు, అని మూర్తి తనని చూసి తనే నవ్వుకునేవాడు కూడాను.

ఆ ఇంటికి చేపలొచ్చింది వేసవిలో. ఎదురింటి గౌరీశంకర్‌కి బదిలీ అయింది. సామానంతా లారీకెక్కింది గాని అద్దాల తొట్టె ఎక్కనంది. ఆయన దాన్ని తెచ్చి మూర్తి కూతురు ప్రజ్ఞకి అప్పజెప్పేడు. అందులో రెండు గోల్డు ఫిష్షులు, రెండు ఏంజెల్ చేపలు, ఒంటినిండా నీలం గీతా ఎర్ర గీతా ఉన్న నియాన్ చేపలు ఆరు, అద్దాన్ని కరుచుకుని పాచి నాకే నల్ల సక్కరు చేప ఒకటి. పదో తరగతి చదివే ప్రజ్ఞ తొట్టెని హాల్లో, నాన్న మంచానికి ఎదురుగా పెట్టించింది.

చేపలకి రెప్పలుండవు కనక కళ్ళు తెరుచుకునే నిద్రపోతాయి. లైటు తీసిన అరగంటకి గోల్డు ఫిష్షులు రెండూ గులకరాళ్ళకి బెత్తెడు పైన తల వాల్చి ఆగిపోతాయి. ఏంజెల్ చేపలు మొక్క చాటుకి పోయి పక్కకి ఒరుగుతాయి. నియాన్ చేపలు ఎక్కడివక్కడ వేలాడతాయి. అలా నిద్ర పట్టేక వాటి రంగు వాటిని వదిలిపెట్టి బయటికొస్తుంది. వచ్చి, దగ్గర్లో ఎవరు నిద్రపోతున్నారో చూసుకుని వాళ్ళమీద వాలుతుంది. మేలుకున్నవాళ్ళ జోలికి పోదు. వేకువన తనంతట తనే వెనక్కెళ్ళి ఏ చేప రంగు ఆ చేపకి చేరిపోతుంది. చోడవరంలో చేపలున్న ఇళ్ళన్నిటికీ ఇది పాలు కాస్తే పొంగుతాయన్నంత మామూలు సంగతి. జాగర్త ఒక్కటే, మధ్యలో లైటు వెయ్యకూడదు. వేస్తే రంగు బెదిరిపోయి ఉన్నచోటే అంటుకుపోతుంది. ఆ మనిషి మళ్ళీ అదే తొట్టె దగ్గర చీకట్లో పడుకుంటే తప్ప వదలదు. అందుకని ఆ ఇళ్ళవాళ్ళు పడుకోబోయే ముందు తలుపు గడియ చూసుకున్నట్టే స్విచ్చులు చూసుకుంటారు. కరెంటు పోయిన రాత్రయితే రెండుసార్లు చూసుకుంటారు.

"నాన్నా, రంగు నీ మీద వాల్తాదేమో కదా, నువ్వే దగ్గర" అంది ప్రజ్ఞ మొదటి రోజున.

"నా మీదికెందుకొస్తాదే గుంటా, నేను పడుకుంటే కదా. నీ గదిలోకి వస్తాదిలే" అన్నాడు మూర్తి.

కనకవల్లి గుమ్మం పక్కన కూచుని కాకరకాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు.

ఆవిడ బుచ్చయ్యపేట వైపు ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. హెడ్మిస్ట్రెస్ ప్రమోషను రెండుసార్లు ఇంటిదాకా వచ్చి వెనక్కెళ్ళింది. మొదటిసారి వద్దని రాసిచ్చినప్పుడు ప్రజ్ఞ పాలు తాగే పిల్ల. రెండోసారి కాయితం మీద "కుటుంబ కారణాల వల్ల" అని రాసింది. ఆ కుటుంబ కారణం అప్పుడు కూలరు ముందు పడుకుని ఉంది. ఇప్పుడు మూడోసారి వచ్చింది. ఊరు పాడేరు దాటి, పెదబయలు వైపు. రోజూ వెళ్ళి రావడానికి కుదరదు, అక్కడే ఉండాలి. ఇదీ వద్దంటే ఇంక రిటైరయ్యేదాకా ఎవరూ అడగరు.

"సోమవారం లోపల అవుననో కాదనో రాసిమ్మన్నారండీ" అంది గురువారం సాయంత్రం, ఆయన కాఫీ తాగుతుంటే.

"రాసీ మరి."

"ఏటి రాయమంటారు?"

"నన్నడిగితే నేనేటి చెప్తాను. వెళ్ళాలనుంటే వెళ్ళు. నా గురించి చూసుకోకు. రాత్రిళ్ళంటావా... ఒక్కడినీ ఎలాగోలా కూచుంటాను. ఎంత రాత్రయినా తెల్లారకపోద్దా."

కనకవల్లి ఖాళీ గ్లాసు తీసుకుంది. "లేదులెండి, వద్దనే రాసేస్తాను" అంది.

మూర్తికి ప్రాణం లేచొచ్చింది. ఆ వెనకే చెప్పులో ఇసకరాయిలా ఏదో చిన్నది తగిలింది. రెండడుగులేస్తే అదే సర్దుకుంటుందని ఊరుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం రోలుగుంట వైపునుంచి గాలీవానా వచ్చి ఎనిమిదింటికి కరెంటు పట్టుకుపోయింది. మూర్తికి ఒక అలవాటుంది. కరెంటు పోతే నిజంగా పోయిందో లేదో తేల్చుకోడానికి గోడ మీద స్విచ్చులన్నీ పైకీ కిందికీ నొక్కి చూస్తాడు. వీధి వీధంతా చీకటిగా కనిపిస్తున్నా సరే, స్వయంగా విచారణ జరపందే ఒప్పుకోడు. ఆ విచారణలో ఏ స్విచ్చి పైకుందో ఏది కిందికుందో ఆయనకే తెలీకుండా పోయింది.

"నాన్నా, స్విచ్చులు చూసేవా?" అని గదిలోంచి ప్రజ్ఞ కేకేసింది.

"ఒకటికి పదిసార్లు చూసేను, నువ్వు పడుకో" అన్నాడు. ఆ రాత్రి కూలరు కూడా లేదు కనక శివరాత్రి మాట రోజుకంటె గట్టిగా అన్నాడు.

మూడింటికి కరెంటొచ్చింది. హాల్లో ట్యూబులైటు రెండుసార్లు టపటపలాడి భగ్గున వెలిగింది. ఆ వెలుగు తలుపు సందులోంచి మొహాన పడి ప్రజ్ఞ పరిగెత్తుకొచ్చింది. వచ్చి చూస్తే నాన్న బట్టతల పండిన బొప్పాయికాయలా నారింజరంగుతో మెరిసిపోతోంది. ఆ రంగు నుదుటి మీంచి బుగ్గలదాకా జారింది. మీసం మీద ఏంజెల్ చేప నల్లచారలు, వెండి చారలు. రెండు చెవుల అంచులకీ నీలం గీతలు. ముక్కు మీద నిలువునా ఎర్ర గీత. ఇంత వైభవంలోనూ ఆయన గురక పెడుతున్నాడు. తొట్టెలో చేపలు మరమరాల్లా తెల్లగా ఉన్నాయి.

ప్రజ్ఞకి ముందు నవ్వొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అమ్మ వైపు తిరిగింది. కనకవల్లి స్విచ్చుబోర్డు దగ్గర నిలబడి ఉంది. చాప నాలుగడుగుల దూరంలోనే ఉంది. అయినా ఆవిడ మీద ఒక్క చుక్క లేదు.

"అమ్మా, నీ మీద ఏటీ లేదేం?"

"నేను లేచే ఉన్నానమ్మా. లైటు తీద్దామని పరిగెత్తేను గాని అందలేదు."

ప్రజ్ఞకి ఇంక నవ్వు రాలేదు.

మూర్తి అయిదున్నరకి కళ్ళు తెరిచి, "రాత్రంతా కునుకు..." అని మొదలుపెట్టి, ఎదురుగా అద్దం పట్టుకుని నిలబడ్డ కూతుర్ని చూసి ఆగేడు. అద్దంలో చాలాసేపు చూసుకున్నాడు. గెడ్డం కింద తడిమి చూసేడు. సబ్బు రుద్దేడు, శనగపిండి రుద్దేడు. అది వదిలే రంగు కాదని ఆయనకీ తెలుసు.

"కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నాను. చేపలు పొరబడ్డట్టున్నాయి" అన్నాడు.

"చేపలు పొరబడవు నాన్నా."

"నువ్వేమైనా చేపల డాక్టరువా?"

"గురక కూడా పెట్టేవు."

"అది ఆలోచన చప్పుడు" అన్నాడు మూర్తి. అనగానే ఆ మాట తనకే చాలా లేతగా వినిపించింది.

పక్కవాటా మంగాయమ్మ గోడ మీంచి చూసింది. డెబ్భై దాటిన మనిషి, ఆవిడింట్లో ఒకప్పుడు చేపలుండేవి. "ఏటి బాబూ, రాత్రి కరెంటొచ్చేసినట్టుంది" అంది.

"ఊఁ."

"బాగా సిక్కగా అంటుకుందే. మా ఆయన ఎంత మొద్దునిద్ర పోయినా మెడదాకే వచ్చేది. నువ్వు ఒళ్ళెరక్కుండా పడుకున్నావన్నమాట. పోన్లే బాబూ, ఇన్నేళ్ళకి నిద్ర పట్టింది నీకు. దేవుడున్నాడు."

ఆవిడ నిజంగానే సంతోషించింది. మూర్తికి అదే ఎక్కువ గుచ్చుకుంది.

శనివారమైనా ఆఫీసుంది. దారిపొడుగునా ఎవరూ ఆయన్ని వింతగా చూడలేదు. టీకొట్టువాడు "చేపలు పెంచుతున్నారేటండి" అన్నాడు. బస్టాండు దగ్గర ఒకతను "మా బావగారిక్కూడా మొన్న ఇలాగే" అన్నాడు. రంగు ఎవరికీ అక్కర్లేదు. కాని ప్రతివాడూ చివర్లో ఒకే మాట, "బాగా పట్టిందన్నమాట నిద్ర". ఇరవై రెండేళ్ళు కట్టుకున్న మేడ టీకొట్టు నుంచి ఆఫీసు గేటుదాకా ఒక్కో ఇటుకే రాలిపోయింది.

ఆఫీసులో మొహం చూపిస్తే హాజరు పడే ఫోనుంది. అది మూర్తి మొహాన్ని మూడుసార్లు చూసి మూడుసార్లూ మనిషిగా ఒప్పుకోలేదు. జూనియర్ అసిస్టెంటు రఘునందన్ మంచి కుర్రాడు, పక్కన నిలబడి సాయం చేసేడు.

"సార్, బట్టతల మీద చెయ్యి పెట్టుకోండి. ఆఁ, చెవులు కూడా ముయ్యండి. మీసం..."

"మీసం ఎలా దాచమంటావయ్యా, రెండే చేతులున్నాయి నాకు."

"సార్, ఊపిరి బిగపట్టండి" అన్నాడు రఘునందన్, ఎందుకో అతనికీ తెలీదు. నాలుగోసారి హాజరు పడింది.

ఆఫీసరు ఆయన్ని తలనుంచి గెడ్డందాకా ఒకసారి చూసేడు. మధ్యాహ్నం పిలిచి, "మూర్తిగారూ, ఆ కాలవ ఫైళ్ళు మూడూ సాయంత్రానికి పంపించెయ్యండి. రాత్రి విశ్రాంతి దొరికినట్టే ఉంది కదా" అన్నాడు, ఎంతో మర్యాదగా.

ఇంటికొచ్చేసరికి మూర్తి ఒక నిర్ణయానికొచ్చేడు. ఈ రాత్రి నిద్రపోడు. రంగు పోదు. రేపు పొద్దున్న కూడా నారింజరంగుతో వీధిలో నిలబడి, "చూసేరా, పడుకుంటే పోయేది కదా, పడుకోలేదు కనకే పోలేదు" అంటాడు. పోయిన పరువు దాంతో కొంతైనా తిరిగొస్తుంది.

ప్రజ్ఞ తొట్టె దగ్గర కూచునుంది. "నాన్నా, ఇవి తిండి సరిగ్గా తినటం లేదు. రంగు లేకపోతే వారం కంటె ఉండవంట. ఇవాళ పడుకో నాన్నా."

"నా చేతిలో ఉంటే పడుకోనా తల్లీ. పట్టాలి కదా" అన్నాడు మూర్తి.

తలగడలు తీయించేశాడు. గోడకి వీపు ఆనించి, చేతులు కట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని కూచున్నాడు. పదింటికి ఒక కన్ను మూసి రెండోదానికి డ్యూటీ అప్పజెప్పేడు. పదింపావుకి రెండో కన్ను సెలవు పెట్టింది. పదిన్నరకి వీధిలో కుక్క కూడా ఆ గురక విని చోటు మార్చుకుంది.

ఆదివారం పొద్దున్న ఆయన తల మామూలు తలే. తొట్టెలో గోల్డు ఫిష్షులు నిప్పుకణికల్లా తిరుగుతున్నాయి. ఒక మనిషి నిద్రపోతాడని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం ఏ కోర్టూ అడగదు.

ప్రజ్ఞ ట్యూషనుకెళ్ళేక మూర్తి వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూచున్నాడు. కనకవల్లి బియ్యం చెరుగుతోంది.

"కనకం, నీకు ముందే తెలుసా?"

"ఏది?"

"నేను పడుకుంటానని."

"రోజూ చూస్తన్నాను కదండీ. చేపలు రాకముందూ చూసేను. అప్పుడు రంగుండేది కాదు, అంతే."

"మరి ఎప్పుడూ అనలేదేం?"

"అంటే మీ నిద్ర పాడవుద్దేమోనని" అంది కనకవల్లి. ఆ మాటలో ఎత్తిపొడుపేమన్నా ఉందేమోనని మూర్తి వెతికేడు. లేదు.

"నువ్వెందుకు మేలుకున్నావు మరి?"

"మీరు రాత్రి రెండు మూడుసార్లు నీళ్ళడుగుతారు. నిద్దట్లోనే అడిగి నిద్దట్లోనే తాగేస్తారు. ఇవ్వకపోతే ఎక్కిళ్ళొస్తాయి. ఎప్పుడడుగుతారో తెలీదు కదా, అలా చూస్తూ ఉంటాను. బుచ్చయ్యపేట బస్సులో ఇరవై నిమిషాలు పడుకుంటాన్లెండి. అలవాటైపోయింది."

"ఎన్నాళ్ళనుంచి?"

"మీ పరీక్ష పోయినప్పట్నుంచి."

చేపలొచ్చి నాలుగు నెలలయింది. నూటిరవై రాత్రులు ఆ రంగు తొట్టెలోంచి లేచి, ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరంలో నిలబడి, ఎవరు నిద్రపోతున్నారో చూసుకుని, ఒక్కసారి కూడా అటువైపు వెళ్ళలేదు. 

మూర్తి లేచి వెళ్ళి ఆవిడ హేండుబేగు తీసేడు. సోమవారం ఇవ్వాల్సిన కాయితం అందులో మడతపెట్టి ఉంది. "కుటుంబ కారణాల వల్ల" దగ్గర ఒక్క క్షణం ఆగేడు. తరవాత తెల్లకాయితం తీసుకుని బల్ల ముందు కూచున్నాడు. లోకంలో ఆయనకి చాతనయిన పనులు రెండు. ఒకటి నిన్నటితో బయటపడిపోయింది. రెండోది ఉత్తరాలు రాయడం. "తమరు దయతో జారీ చేసిన ఉత్తర్వులకు నా పూర్తి సమ్మతి తెలియజేసుకుంటున్నాను" అని మూడు పేరాల్లో, ఏ ఆఫీసులోనూ వెనక్కి రానంత పకడ్బందీగా రాసి, పెన్ను ఆవిడ చేతికిచ్చేడు.

కనకవల్లి చేట కింద పెట్టి చదివింది. రెండుసార్లు చదివింది.

"రాత్రిళ్ళు నీళ్ళెవరిస్తారండీ?"

"ఎక్కిళ్ళే కదా. రానీ."

అక్కడితో ఆయన మహానుభావుడైపోయాడనుకుంటే పొరపాటు. సంతకమైతే పెట్టించేడు గాని, ఉత్తర్వు చేతికొచ్చేక పంచాంగం తీసేడు. చేరడానికి పదిహేను రోజులు గడువుంటే అందులో ఒక రోజు వర్జ్యం, ఒక రోజు దుర్ముహూర్తం, ఒక రోజు శూల, ఒక రోజు అమావాస్యకి మరీ దగ్గర. కనకవల్లి ఏ రోజుకారోజు సరేనంది. అలా పధ్నాలుగు రోజులూ మంచివి కాకుండా పోయి పదిహేనో రోజు మిగిలింది. ఆ రోజు పదిన్నరకి అక్కడ సంతకం పెట్టకపోతే ఉత్తర్వు రద్దయిపోతుంది. దానికి తెల్లారగట్ల అయిదు లోపల పాడేరు బస్సెక్కాలి.

ముందురోజు రాత్రి కనకవల్లి ప్రయాణం చీరతోనే, సర్దిన సంచీలు గుమ్మం దగ్గర పెట్టి, చాప మీద కాకుండా దివాన్ మీద పడుకుంది. పడుకోమన్నది మూర్తే.

"నాలుగింటికి లేపండి" అంది. "ఫోను అలారం పెడితే దాని లైటుకి రంగు అంటుకుపోద్ది. ఎలాగూ మీకు నిద్ర పట్టదు కదా."

ఈసారి ఆ గొంతులో ఎత్తిపొడుపు చిటికెడు ఉంది. మూర్తి దాన్ని ప్రసాదంలా పుచ్చుకున్నాడు.

స్విచ్చులు ముట్టుకుని చూసి, మెయినే కట్టేసి, చెక్క కుర్చీ వేసుకుని కూచున్నాడు. చేతికి పెళ్ళినాటి రేడియం ముళ్ళ వాచీ. పదకొండున్నరకి కనకవల్లి ఊపిరి మారింది. తొట్టెలో ఏంజెల్ చేపలు ఒరిగేయి. ఇంకాసేపటికి నీళ్ళ మీంచి ఏదో తేలిగ్గా లేచింది. అది ఆయన దగ్గరదాకా వచ్చింది, నాలుగు నెలల అలవాటు కదా. మెలకువగా ఉన్నాడని చూసి, కాస్త తడబడి, పక్కకి తిరిగి వెళ్ళింది. కనకవల్లి నుదుటి మీద గోల్డు ఫిష్షు రంగు చీకట్లో సన్నగా వెలుగుతూ మెల్లగా పరుచుకుంది. గాజులకి పైన, మోచేతి దాకా నీలం గీతలు ఒకటొకటీ వచ్చి కుదురుకున్నాయి.

ఇరవై రెండేళ్ళ కాపురంలో భార్య నిద్రపోతుండగా మూర్తి చూడ్డం అదే మొదలు. నోరు కొంచెం తెరుచుకుని పడుకుంటుందని ఆయనకి తెలీదు.

ఒంటిగంటకి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఒంటిగంటన్నరకి ఒంటికాలి మీద నిలబడ్డాడు. రెండింటికి చెంబులో నీళ్ళు మొహాన కొట్టుకున్నాడు. సక్కరు చేప ఒక్కటే తొట్టెలో తిరుగుతోంది. దానికి పోయే రంగు లేదు, పగలంతా రాయి కింద పడుకుని రాత్రంతా అద్దాలు నాకుతుంది. దాని నోరు అద్దానికి అటు, మూర్తి మొహం ఇటు. ఇన్నాళ్ళూ ఈ చీకట్లో దీనికి తోడు కనకమే అన్నమాట, అనుకున్నాడు.

రెండున్నరకి అసలు ఆలోచన వచ్చింది. ఎవరో చెవిలో చెప్పినంత మెత్తగా వచ్చింది. ఇప్పుడు కుర్చీలో కూచుని కళ్ళు మూస్తే చాలు. ఏడింటికి మెలకువొస్తుంది. బస్సు పోతుంది, ఉత్తర్వు పోతుంది, కనకం ఉంటుంది, కూలరుంటుంది. "అయ్యో, పట్టేసింది" అంటే ఊళ్ళో నమ్మనివాడుండడు. తనకి పుట్టుకతో వచ్చిన విద్య అది, ఇవాళ దానికి ఇంత అవసరం పడింది. మూర్తి కుర్చీ వైపు చూసేడు. చూసి, దాన్ని రెండు చేతులా ఎత్తి తీసుకెళ్ళి పెరట్లో పెట్టి, తలుపేసి వచ్చి మళ్ళీ నిలబడ్డాడు.

నాలుగయింది. "కనకం" అన్నాడు. కదల్లేదు. భుజం తట్టేడు. "కనకం, నాలుగయింది, లే." కనకవల్లి లేచింది గాని నిద్ర లేవలేదు. చిన్నపిల్లలా కళ్ళు మూసుకునే కూచుంది, కళ్ళు మూసుకునే చెప్పులేసుకుంది. రంగు ఆవిడమీంచి ఒక్క వీసం కదల్లేదు. గట్టిగా కుదిపితే మెలకువొస్తుంది, రంగు వెనక్కెళ్తుంది. మూర్తి చెయ్యి ఎత్తేడు. ఎత్తిన చెయ్యి అలాగే దించేడు.

వాకిట్లో దాసు ఆటో చీకట్లో ఆగి ఉంది. హెడ్‌లైటు వెయ్యొద్దని ముందే చెప్పేడు. ఇద్దరూ కలిసి కనకవల్లిని కూచోబెట్టేరు. ఆవిడ సంచీ మీద తల ఆనించేసింది.

"బాబూ, అమ్మగోరి మీద రంగుంది కదేటి" అన్నాడు దాసు గొంతు తగ్గించి.

"ఉంది."

"బస్టాండ్లో అన్నీ లైట్లే బాబూ. అంటుకుపోద్ది. కాసేపాగి తెలివొచ్చేక..."

"ఇరవై రెండేళ్ళ నిద్రరా అది. ఇప్పుడు లేపలేను. అంటుకోనీ. నువ్వు పోనీ."

కండక్టరు టిక్కెట్టు కొట్టి, కిటికీకి తల వాల్చి మిలమిల్లాడుతున్న ఆవిణ్ణి చూసి, "చేపలున్న ఇల్లా అండీ" అన్నాడు. మూర్తి తలూపేడు. "మరేం ఫరవాలేదు. పాడేరులో నేను లేపుతాను" అన్నాడతను. బస్సు కొండదారి పట్టి ఘాటీ వైపు పోయింది.

పదకొండింటికి ఆఫీసులో ఫోను మోగింది. అప్పటికి మూర్తి కునికిపాట్లు పడుతూ రెండుసార్లు బల్లకి తల కొట్టుకున్నాడు.

"సంతకం పెట్టేసేనండీ" అంది కనకవల్లి. ఆవిడ గొంతు కొత్తగా ఉంది, పొద్దున్నే మడత విప్పిన చీరలా. "దారంతా పడుకునే ఉన్నాను. ఘాటీ కూడా చూడలేదు. ఇక్కడ పిల్లలందరూ చుట్టూ చేరి, మేడమ్, మీ ఇంట్లో ఎన్ని చేపలున్నాయి అని అడుగుతున్నారు. చేపలెలా ఉన్నాయి?"

"తెల్లగా ఉన్నాయి. నీకోసం చూస్తన్నాయి."

"వారం దాటకూడదు కదా. శనివారం బస్సుకొచ్చేస్తాను. ఒక్క రాత్రి పడుకుంటే వెనక్కెళ్ళిపోద్దేమో."

"ఒక్క రాత్రికి అవదే. నాదంటే పైపైన అంటుకుంది. నీది బాగా లోపలికి దిగిపోయింది, నేను కళ్ళారా చూసేను. ఆదివారం కూడా పడుకోవాలి."

అవతలనుంచి నవ్వు వినిపించింది.

"అయితే సోమవారం నాలుగింటికి మళ్ళీ ఎవరు లేపుతారు?"

"ఊళ్ళో ఎవర్నైనా అడుగు," అన్నాడు మూర్తి, కళ్ళు మూతలు పడుతుంటే చేత్తో ఎత్తి పట్టుకుని, "నిద్రపట్టని మనిషి ఎక్కడుంటాడో చెప్తారు."